మా ఇంటి పుస్తకాలు గోదావరి దాటిన రోజు

కారేపల్లిలో మా ఇంటి చివరి వాటా కూడా నిరుడు చేతులు మారింది. కొన్నవారు మర్యాదస్తులు, వానలు మొదలయ్యేదాకా ఉండమన్నారు. పొలాలు తాతగారి కాలంలోనే పోయాయి. వాటి గురించి నేను ఎవరి దగ్గరా మాట్లాడను. మిగిలినవి నడవ గోడ పొడవునా ఉన్న పుస్తకాలు. ఖమ్మం నుంచి ఒక పాత పుస్తకాల వ్యాపారి వచ్చి తూకానికి ఇమ్మన్నాడు. మంచినీళ్లిచ్చి పంపేశాను.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు కాని పుస్తకం అరుగు దిగకూడదు. అరుగు మీద చాప ఎప్పుడూ పరిచి ఉండేది. పోస్టుమాన్, కంసాలి, రైల్వే గ్యాంగు మేస్త్రి అందరూ ఆ చాప మీద చదువుకున్నవారే. ఆఖరున కూర్చున్నది నాగమణి. మా ఊరి బడిలో టీచరుగా రెండేళ్లు చేసి, చర్ల దగ్గర తన సొంత కోయ గూడేనికి బదిలీ చేయించుకుంది. అక్కడ చదువుకునే గది ఒకటి పెట్టామని, మా పుస్తకాలు తమకు ఇమ్మని ఈ వేసవిలో ఫోను చేసింది. ఇస్తాననలేదు. వచ్చి చూస్తానన్నాను.

అన్నిటికంటే ఇష్టమైనవి ఆరు తీసి సంచిలో పెట్టుకున్నాను. వాటిలో ఒకటి సముద్ర ప్రయాణాల పుస్తకం, చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే నాన్నగారు చదివి వినిపించినది. ఇంకొకటి వేట కథలది. అన్నిటి మీదా తాతగారి పేరుతో ఊదారంగు ముద్ర ఉంది. చోటు నచ్చితే అక్కడే ఉంచి మిగిలినవీ పంపుదామని, లేకుంటే ఆరూ తిరిగి తెచ్చుకుందామని బయలుదేరాను.

ఉదయం ప్యాసింజరు ఎక్కాను. కొత్తవారికి ఒక మాట: భద్రాచలం రోడ్డు అనే స్టేషను భద్రాచలంలో లేదు, కొత్తగూడెంలో ఉంది. అక్కడి నుంచి బస్సులో గంటకు పైగా వెళ్తేగాని గోదావరి రాదు. రైల్లో నా ఎదుట అశ్వారావుపేట పామాయిల్ రైతు ఒకాయన కూర్చున్నాడు. సంచిలో ఏమున్నాయని అడిగాడు. పుస్తకాలని చెప్పాను.

"అమ్మనీకా?"

కాదని, ఇచ్చే చోటు ఎలా ఉందో చూడటానికని చెప్పాను.

"అంటే పిల్లనిచ్చే ఇల్లు చూడబోతున్నవ్ అన్నమాట. పొయ్యి చూడు, బావి చూడు, అత్త మొకం చూడు. అత్త మంచిగుంటె తతిమ్మయి అవే సర్దుకుంటయ్."

పెట్టెలో అందరూ నవ్వారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

కొత్తగూడెం బస్టాండులో ఇడ్లీ తిని పదిన్నరకు భద్రాచలం బస్సు అందుకున్నాను. పాల్వంచ దాటాక రోడ్డుకు రెండు వైపులా టేకు ఆకులు రాలి, అడవి లోపలికంటా కనిపించింది. వంతెన మీద డ్రైవరు వేగం తగ్గించాడు. ఎండాకాలం కాబట్టి గోదావరి ఇసుక మధ్య పాయలుగా ఉంది. భద్రాచలంలో కరకట్ట పక్క మెస్సులో భోజనం బాగుంది, పప్పు రెండోసారి అడగకుండానే వేశారు. చర్ల బస్సులో మధ్యాహ్నమంతా గడిచింది. దిగిన చోట నాగమణి తమ్ముడు ఆటోతో నిలబడి ఉన్నాడు. మట్టి బాటలో మరో అరగంట.

చదువుల గది అంటే పెంకులు కప్పిన ఒక పాక. వెదురు తడికలకు పేడతో అలికారు. లోపల చాపలు, ఒక బల్ల, బల్బు ఉన్నాయి. ఒక్క బీరువా లేదు, ఒక్క పుస్తకం లేదు.

"పుస్తకాలెక్కడమ్మా?" అన్నాను.

"ఇండ్లల్ల ఉన్నయ్ సార్," అంది నాగమణి.

నన్ను వాళ్ల ఇంట్లోకి తీసుకెళ్లి పైకి చూపించింది. పొయ్యికి పైన వెదురు అటక. దాని మీద విత్తనాల మొక్కజొన్న కంకులు, పక్కనే గుడ్డలో చుట్టిన పుస్తకాలు. పాకలో పెడితే మొదటి వానకే చెదలు పట్టాయట. పొయ్యి పొగ తగిలేచోట పురుగు రాదని, విత్తనాలతో పాటు పుస్తకాలనూ ఇంటింటికీ పంచుకున్నారు. ఎవరికేది కావాలన్నా ఆ ఇంటికి వెళ్లి తెచ్చుకుంటారు. చదివి వినిపించుకోవడం మాత్రం పాకలో.

నేను రెండు షరతులు మనసులో పెట్టుకుని వెళ్లాను. పుస్తకాలన్నీ ఒకేచోట ఉండాలి, పైన మా తాతగారి పేరుతో బోర్డు ఉండాలి. రెండూ నాగమణికి చెప్పాను.

"బోర్డు గోడకు కొట్టొచ్చు సార్. గని దాని కింద పుస్తకాలు ఉండయ్. మీకు అబద్ధం చెప్పలేను."

ఆ మాటకు ఆమె మీద గౌరవం పెరిగింది. అయినా సంచి విప్పలేదు.

సాయంత్రం ఊరి పూజారి ముత్తయ్య వచ్చాడు, నాగమణికి మేనమామ. మనిషి బక్కగా, నిటారుగా ఉన్నాడు. నిటారుగా ఉండేవాళ్లంటే నాకు ఇష్టం. సంచిని చూసి, ఈ రోజు ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. మామిడికాయైనా చిక్కుడుకాయైనా ఊరికి కొత్తగా వచ్చిందేదీ పెద్దలకు పెట్టకుండా వాళ్లు నోట పెట్టరు. దాన్ని కొత్త చెయ్యడం అంటారు. పుస్తకాలకూ అదే పద్ధతి.

ఇవి కొత్తవి కావని, నాకంటే పాతవని చెప్పాను.

"మీ ఇంట్ల పాతయే. మా ఊరికి ఇయ్యాల్నే వచ్చినయ్ గద," అన్నాడు ముత్తయ్య.

చీకటి పడకముందే చర్ల చేరుకుందామనుకున్నవాణ్ణి ఆగిపోయాను. ఇచ్చినా ఇవ్వకపోయినా మా పుస్తకాలకు జరిగే మర్యాద చూడకుండా వెళ్లడం బాగుండదనిపించింది. వాకిట్లో మంచం వేశారు, జొన్న రొట్టె, చింతచిగురు పప్పు పెట్టారు.

పొద్దున్నే పాక ముందు నలభై మంది దాకా చేరారు. అలికిన నేల మీద మోదుగాకులు పరిచి, నేను సంచి విప్పి ఇచ్చిన ఆరు పుస్తకాలూ వాటి మీద పేర్చారు. ముత్తయ్య పసుపు నీళ్లు చుట్టూ చల్లాడే గాని పుస్తకాల మీద పడనివ్వలేదు. బియ్యం, ఎండిన ఇప్పపువ్వు పెట్టి, కోయ మాటల్లో ఏదో పలుకుతూ ఆగి నా వైపు తిరిగాడు.

"ఇవి ఎవరి చేతి పంటో చెప్పు. మీ పెద్దల పేర్లు. ముందు వాళ్లకు పెట్టాలె."

లేచి నిలబడి ముత్తాతగారి పేరు, తాతగారి పేరు, నాన్నగారి పేరు చెప్పాను. ఒక్కొక్క పేరు ఆయన తిరిగి పలికి గింజలు వేశాడు. మా వాళ్ల పేర్లు అంత నిదానంగా, అంత గట్టిగా పలకగా విని ఎన్నాళ్లయిందో.

"ఆడోళ్లు?" అన్నాడు.

మా ముద్రలో ఆడవాళ్ల పేర్లు లేవు. కాని మా ఇంట్లో అందరికంటే ఎక్కువ చదివింది నానమ్మ. పొద్దుటిపూటంతా వంట, మడి. మధ్యాహ్నం నడవలో తలుపు వారగా కూర్చుని చదివేది. అరుగు మీద ఎవరైనా గట్టిగా చదువుతూ తప్పు పలికితే లోపలి నుంచే దిద్దేది.

"మాణిక్యమ్మ," అన్నాను. "మా నానమ్మ."

"మాణిక్యమ్మ," అని ముత్తయ్య గింజలు వేశాడు. వెనక కూర్చున్న ఆడవాళ్లు కూడా ఆ పేరు అన్నారు. కొత్త చేసేటప్పుడల్లా ఈ పేర్లు పలకాల్సిందేనని, మరిచిపోతే తప్పని నాగమణి నాతో చెప్పింది.

తరువాత ఆమె వేట కథల్లోంచి ఒకటి తీసి కోయలో చెప్పుకుంటూ పోయింది. ఒక్క ముక్క నాకు తెలియదు. కాని జనం నవ్వగానే ఏ వాక్యం దగ్గర ఉన్నారో తెలిసిపోయింది. వేటగాడు చెట్టెక్కి కునుకు తీస్తే కింద పులీ కునుకు తీస్తుంది.

"ఈ రాసినాయన పులిని చూడలే," అన్నాడు ఒక ముసలాయన తెలుగులో, నాకు వినపడాలని. "మనిషి వాసన పెట్టుకొని పులి నిద్రపోతదా?"

"నిద్రపోయిందేమో, ఆయన కథ విని," అందొక ఆవిడ. ఈసారి నేనూ నవ్వాను.

పుస్తకాలు ఇళ్లకు వెళ్లే వేళ వచ్చింది. సముద్రం పుస్తకాన్ని ఒక పెద్దావిడ అడిగింది. ఆమెకు చదువు రాదు, మనవరాలు చదివితే వింటుందట. సముద్రం ఎంత ఉంటదని అడిగింది. మీ గోదావరికి అవతలి ఒడ్డు లేకపోతే ఎంతో అంత అన్నాను. అట్ట తుడిచి నా చేతులతోనే ఆమెకిచ్చాను. బోర్డు మాట మళ్లీ ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో భద్రాచలంలో దిగి, బస్టాండు దగ్గర ట్రాలీ ఆటో నడిపే ఒకాయనతో కిరాయి మాట్లాడాను. వానలకు ముందే కారేపల్లి రావాలని, పైన టార్పాలిన్ రెండు పొరలు కట్టాలని చెప్పాను. సామాను ఏందని అడిగాడు. పుస్తకాలన్నాను. అన్నీనా అన్నాడు. అన్నీ, అన్నాను.

కొత్తగూడెంలో సాయంత్రం బండి దొరికింది. ఖాళీ చేతులతో కిటికీ పక్కన కూర్చున్నాను. అటు వెళ్లదలిచినవారు ఒక పూట ఎక్కువే పెట్టుకోండి, వేసవి దాటితే బాట ఉండదు. గూడెంలో ఏ ఇంట్లోనైనా అడగండి, అటక మీంచి దించి ఇస్తారు. పొగ వాసన వేస్తుంది, ఏమీ అనుకోకండి. ఈ పుస్తకాలు ఎవరివి అని మాత్రం అడగండి. నాలుగు పేర్లు చెబుతారు. అవి మా ఇంటివారి పేర్లు.