వంతులో లేని ఇల్లు

2023 చలికాలం. కొవ్వూరుకు కాస్త దిగువన, గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరు. రేవులో పడవెక్కితే పది నిమిషాలు.

అంతకుముందు రాజమండ్రిలో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. జీవితంలో నేను ముందున్నది ఆ ఒక్కచోటే. తర్వాత హోమ్‌స్టేలకు, అంటే ఊరివాళ్లే తమ ఇళ్లలో పర్యాటకులకు బస ఇచ్చే ఏర్పాటుకు, శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాను.

ఆ లంకలో ఎవరో రిసార్టు కడతామని స్థలం అడిగితే మహిళా సంఘం ఒప్పుకోలేదు. "మా ఊరు చూపించడానికి మేం చాలమా అండి?" అన్నారు అధ్యక్షురాలు సత్యవతి గారు. గోడలకు సున్నాలు వాళ్లే వేసుకున్నారు. రేవులో మెట్లు వాళ్లే కట్టుకున్నారు. అతిథులు వంతుల ప్రకారం ఒక్కో ఇంట్లో దిగాలనుకున్నారు. ఆ వంతులో ఏ ఇళ్లుండాలో తేల్చే చెక్‌లిస్టు మాత్రం నాది.

ఊరి చివర పేటలో, చర్చి పక్కన, మరియమ్మ గారి ఇల్లు. పేటంతా కూలి కుటుంబాలే. చర్చి పండగలకు వందమందికి వండిపెట్టే చెయ్యి ఆవిడది. ఆవిడా పేరిచ్చారు. అటాచ్డ్ బాత్రూమ్ లేదని ఇంటూ కొట్టాను. పేటలో ఏ ఇంటికీ అది లేదు గనక ఆ ఒక్క ఇంటూతో పేట మొత్తం ఎగిరిపోయింది. భూములున్నవాళ్లుండే పెద్దవీధిలోనూ రెండిళ్లకు బాత్రూమ్ పెరట్లోనే ఉంది. "కట్టించుకుంటారులే" అని అక్కడ టిక్కు పెట్టాను. నా కారణం విని కొందరు పెద్దలు చాలా సంతోషించారు. అంత సంతోషం ఎందుకో నేను అడగలేదు.

మొదటి బుకింగ్ ఒక రెండో శనివారానికి వచ్చింది. విజయవాడ నుంచి రెండు కుటుంబాలు, ఏడుగురు. బుకింగ్ లేకుండా వచ్చే గెస్టును హోటల్ భాషలో వాక్-ఇన్ అంటాం. తిథి చెప్పకుండా వచ్చేవాడే అతిథి కాబట్టి అసలైన అతిథి వాక్-ఇన్నేనని క్లాసులో చమత్కరించేవాణ్ణి. ఆ పొద్దున్న తిథి చెప్పకుండా వచ్చింది మృత్యువు. పెద్దవీధిలో సత్యవతి గారి పక్కింటి పెద్దాయన నిద్రలోనే పోయారు. దూరాన ఉన్న కూతురు వచ్చేసరికి సాయంత్రమవుతుంది. శవం లేచేదాకా పెద్దవీధిలో పొయ్యి వెలిగించరు. అతిథులేమో అప్పటికే అవతలి రేవులో పడవ కోసం నిలబడి ఉన్నారు.

"కొవ్వూరు నుంచి పార్సిళ్లు తెప్పిద్దామండి. చావు సంగతి వాళ్లకి చెప్పక్కర్లేదు" అన్నాను.

సత్యవతి గారు కళ్లు తుడుచుకున్నారు. "ఊరు చూడ్డానికొచ్చేవాళ్లకి ఊళ్లో చావు దాస్తే, ఇంక చూపించేదేంటి మేస్టారూ?"

అతిథులకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పారు. తిరిగి వెళ్లిపోయినా ఏమీ అనుకోమన్నారు. వస్తామన్నారు వాళ్లు. పిల్లలు ఆకలిమీద ఉన్నారట.

ఫోన్ పెట్టేసి ఆవిడ పేటవైపు నడిచారు. వెనకాల నేను.

మరియమ్మ గారు వాకిట్లో బియ్యం చెరుగుతున్నారు. సంగతి విని చేట కింద పెట్టారు. "పెద్దాయన అరటితోటలో పాతికేళ్లు పని చేశానమ్మా. మాకు మాత్రం పొయ్యి వెలిగించబుద్ధవుతుందా?" అని నావైపు తిరిగారు. "ఏవండీ మేస్టారూ, అటాచ్డ్ లేనింట్లో అన్నం ఉడుకుతుందంటారా?"

"తప్పు నాదేనండి" అన్నాను.

"అది తర్వాత చూద్దాం. పిల్లలు పస్తుండకూడదు" అంటూ లోపలికి వెళ్లి పొయ్యి రాజేశారు.

అన్నం, పప్పు, చారు. ఏడుగురూ ఆ వాకిట్లోనే కూర్చుని తిన్నారు. సాయంత్రం శవం లేచినప్పుడు చెప్పులు విప్పి గట్టుమీద ఊరివాళ్ల పక్కనే నిలబడ్డారు.

మర్నాడు అతిథులు వెళ్లాక సత్యవతి గారు మళ్లీ పేటకు వచ్చారు. "ఇకనుంచి నీ ఇల్లూ వంతులో ఉంటుంది మరియమ్మా."

"ఆపదకి పిలిచారు, వండాను. ఇప్పుడు పద్ధతిగా పిలవండమ్మా. నన్నొక్కదాన్నే కాదు, పేటనంతా. సంఘంలో, అందరి ముందూ" అన్నారు మరియమ్మ గారు.

సత్యవతి గారు పెద్దవీధివైపు చూశారు. ఆవిడకు ఎవరెవరి ముఖాలు గుర్తొచ్చాయో నేను ఊహించగలను.

ఆ వారమే సంఘం కూర్చుంది. పేటవాళ్లూ వచ్చారు. సత్యవతి గారు లేచి నిలబడి, తనకంటే పదేళ్లు పెద్దావిడను మొదటిసారి అలా పిలిచారు. "మరియమ్మ గారూ, వచ్చే ఆదివారం వంతు మీ పేటదండి. ఒప్పుకుంటారా?"

పెద్దవీధివాళ్లు ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోయారు. ఎవరూ ఆపలేదు.

"ఆదివారం మాకు ఆరాధనండి. శనివారం పంపండి" అన్నారు మరియమ్మ గారు.

ఊరు తన కాళ్లమీద తాను నిలబడాలని ఎన్నో ఊళ్లలో పాఠం చెప్పాను. ఒక కాలు కట్టేసి మరీ నిలబడమంటున్నానని ఆ లంకలో తెలిసింది. ఇప్పుడు ఏ ఊరెళ్లినా ఇళ్లు చూడకముందే, ఈ లెక్కలోకి రాకుండా పోయేది ఎవరిల్లని అడుగుతాను. జవాబు వెంటనే రాదు. వచ్చేదాకా కూర్చుంటాను.