అనుమానిత సమయం

మా నాన్న ఇక్కడి ఉక్కు ఫ్యాక్టరీ రైల్ మిల్లులో రైలు పట్టాలు తనిఖీ చేసేవారు. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే, ఈ హిందీ ఊళ్ళో మా సెక్టార్‌లోని తెలుగువాళ్ళ రీడింగ్ రూమ్‌కి వెళ్తారు. అక్కడి పాత కంప్యూటర్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి పెట్టింది నేనే. అందులో ఫైళ్ళు కాపీ చేసే చిన్న ప్రోగ్రాం, మా భాషలో ప్యాకేజీ, ఒకటుంది. దాని బాగోగులు చూసేదీ, దాన్ని తెలుగులోకి మార్చిందీ కూడా నేనే. ఆ సంగతి ఆయన అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవారు.

ఓ రోజు పెన్ డ్రైవ్‌లోకి ఫొటోలు ఎక్కిస్తూ నన్ను కేకేశారు. "ఏటే ఇది? 'అనుమానిత సమయం నాలుగు నిమిషాలు' అంటంది! కంప్యూటర్‌కి నా మీద అనుమానమేటి?"

పక్కనున్న పెద్దవాళ్ళు విరగబడి నవ్వారు. నాకు మాత్రం తప్పేమిటో అర్థం కాలేదు. హిందీలో అనుమాన్ అంటే అంచనా. బడిలో, వీధిలో హిందీ మాట్లాడి పెరిగినదాన్ని, 'అనుమానిత్ సమయ్'ని కాస్త సాగదీస్తే తెలుగైపోతుందనుకున్నాను. పైగా ఆ మాట ఎంతో గంభీరంగా ఉందని మురిసిపోయాను కూడానూ! నాన్న విడమరిచి చెప్పాక సిగ్గుతో చచ్చిపోయాను.

'అంచనా సమయం' అని మార్చడం నిమిషం పని. కానీ మార్చగానే జనానికి చేరదు. ప్యాకేజీ ముందు అన్‌స్టేబుల్ అనే తొలి దశలోకి వెళ్తుంది. అక్కడ కొన్నాళ్ళు ఎవరూ పెద్ద తప్పు పట్టకపోతే టెస్టింగ్‌లోకి వస్తుంది. మా రీడింగ్ రూమ్‌లో ఉన్నది ఆ దశే. ఆ తర్వాత ఫ్రీజ్ అని గేటు మూసేస్తారు. లోపల ఉన్నదే స్టేబుల్ పేరుతో బయటికొస్తుంది, ఇక రెండేళ్ళు అందరి కంప్యూటర్లలోనూ అదే. ఫ్రీజ్ అప్పటికే మొదలైపోయింది. ఏది మార్చాలన్నా విడుదల చూసుకునేవాళ్ళని అనుమతి అడగాలి.

ఎలాగూ అడుగుతున్నాను కదా అని, ఆరు నెలలు కూర్చుని రాసిన కొత్త సౌకర్యాన్ని కూడా అందులోనే చుట్టి పంపాను. మధ్యలో ఆగిన కాపీని అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టే సౌకర్యం అది. మర్నాడే జవాబొచ్చింది. తెలుగు మాటలు దిద్దుకోవచ్చు, కొత్తది కుదరదు. వారంలోగా ఒట్టి దిద్దుబాట్లు పంపాలి, లేకపోతే తప్పులున్న పాతదే స్టేబుల్‌లోకి వెళ్తుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. భోజనాల దగ్గర నాన్న ముందు వెళ్ళగక్కాను. "ఒక్క మాట కోసం నా ఆరు నెలల కష్టం ఎందుకు ఆపుకోవాలి? ఆ తప్పు అలాగే ఉండనీ, రెండేళ్ళూ నవ్వుకోనీ!"

ఆయన పెరుగన్నం కలుపుతూ అడిగారు. "నీ కొత్తది ఎవరైనా వాడి చూసినారేటి?"

"నేను చూశాను."

"నువ్వే చేసినావు, నువ్వే చూసినావు. మా మిల్లులోనైతే సుద్దతో గీత కొట్టి పక్కన పెట్టేద్దును. చెడ్డ పట్టా అని కాదమ్మా, అనుమానం. అంతే." ముద్ద నోట్లో పెట్టుకుని మళ్ళీ అన్నారు. "హిందీ వస్తే చాలు, పిల్ల బతికేస్తాదిలే అనుకున్నాను. నీకు తెలుగు సరిగ్గా నేర్పనిది నానే."

కోపం ఎటు పోయిందో పోయింది. ఏడుపొచ్చింది.

కొత్త పనిని పక్కన పెట్టేశాను. తెలుగు వాక్యాలన్నీ ప్రింటు తీసి ఆయన చేతికిచ్చాను. రెండు రోజులు పెన్సిల్ పట్టుకుని, మిల్లుకి డ్యూటీకెళ్ళినంత శ్రద్ధగా చదివారు. అలాంటి హిందీ పోకడ మాటలే ఇంకో మూడు 'అనుమానాలు' దొరికాయి. అన్నీ దిద్ది, గడువుకి ఒక రోజు ముందు పంపాను. ఏమేం మారిందో, తప్పు ఎవరు పట్టారో ప్యాకేజీతో పాటు వెళ్ళే చిట్టాలో రాయాలి. ఆయన పేరు రాశాను. ఆయనకి చెప్పలేదు.

స్టేబుల్ వచ్చాక ఒక పొద్దున రీడింగ్ రూమ్‌లో ఆ చిట్టా తెరిచి చూపించాను. తెర మీద వేలు పెట్టి తన పేరు రెండుసార్లు చదువుకున్నారు. ముప్పై ఏళ్ళు ఆయన పాస్ చేసిన పట్టాలు దేశమంతా వెళ్ళాయి. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు.

"దీన్ని ఎవరూ తీసేయరు గదా?"

"తీయరు నాన్నా. తర్వాత వచ్చేవాటిలోనూ ఉంటుంది."

కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"అనుమానమేటీ లేదు గదా?"

"లేదు నాన్నా."