లేని సినిమాలో పోలిరాజు పాట

పోలిరాజు పోయిన మూడు నెలలకి మా పోర్టు యూనియన్ వాళ్లు సంచిక వేశారు. అందులో అతని గురించి రెండు వాక్యాలు. "శ్రీ పోలిరాజు మన పోర్టులో ఖలాసీగా ఇరవై ఏళ్లు పనిచేశారు. సినిమా పాటలు వీనులవిందుగా పాడేవారు." అంతే. చదివితే ఒళ్లు మండిపోయింది. రాసినవాణ్ణి నాలుగు దులుపుదామని యూనియన్ ఆఫీసు మెట్లెక్కాను. సగం ఎక్కి మళ్లీ దిగొచ్చేశాను. వాడిదేం తప్పు? పోలిరాజు పాడేవి సినిమా పాటలని ఈ ఊరికి ఏళ్ల తరబడి మైకులో చెప్పినవాణ్ణి నేను. నా పేరు రమణమూర్తి. పోర్టులో టైంకీపర్ని, సాయంత్రాలు లైట్‌హౌస్ ఆర్కెస్ట్రాకి అనౌన్సర్ని. సంచికలో రాని మిగతాది నేనే రాయాలి, ఇంకెవరికీ పూర్తిగా తెలియదు.

పోలిరాజుది ఎలమంచిలి పక్క పల్లె. చెరకు పండించే కాపు కుటుంబం, నలుగురన్నదమ్ములు, ఎకరన్నర భూమి. అరవై ఎనిమిదిలో పోర్టులో ఖలాసీగా చేరాడు. క్రేను మోతలో కూడా అతను "దించు, దించు" అని అరిస్తే ఆ చివరనున్నవాడికి వినపడేది, అదీ శ్రుతిలో. నేను హాజరు పుస్తకం పట్టుకుని ఆ గొంతు వినడానికే ఓడ ఆగే బెర్తు దాకా నడిచేవాణ్ణి. అలా స్నేహం కలిసింది. చుట్టరికం లేకపోయినా బావ అంటే బావ అనుకున్నాం.

డెబ్భై రెండులో ఇంగ్లండు ఓడ ఒకటి మరమ్మతు కోసం పదిహేను రోజులు ఆగింది. అందులో నల్లజాతి నావికుడొకడు పోలిరాజు పాట విని ముచ్చటపడి, పోతూ పోతూ ఒక గ్రామఫోను రికార్డు చేతిలో పెట్టాడు. దాన్ని పోలిరాజు మా ఇంటికి తెచ్చాడు, మా ఇంట్లో ప్లేయరుంది కనక. ఒక్క ముక్క అర్థం కాలేదు ఇద్దరికీ. కానీ ఆ గొంతు బతిమాలుతుంటే వెనక ట్రంపెట్లు జవాబు చెబుతున్నాయి, కింద డ్రమ్ము అడుగులేస్తోంది. పోలిరాజు నాలుగుసార్లు పెట్టించుకున్నాడు. అట్ట మీద ఏం రాశారో చదవమన్నాడు. చదివాను. రాసిందీ, బాణీ కట్టిందీ, పాడిందీ ఒకడే. ఆ జట్టుకి పెద్ద కూడా వాడే.

"పాడినోడే రాసుకున్నాడా బావ?" అన్నాడు.

"అట్ట మీద అలాగే ఉంది."

"రాసుకోవచ్చన్నమాట. పేరు కూడా ఏసుకోవచ్చన్నమాట." ఇంకేం మాట్లాడకుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

రెండేళ్లకి లైట్‌హౌస్ ఆర్కెస్ట్రా పెట్టాడు. పెళ్లి బ్యాండులో ట్రంపెట్ ఊదే దాలయ్యని పట్టుకొచ్చాడు. హార్మోనియం, బొంగోలు, డ్రమ్ము సమకూరాయి. నాకు మాట చక్కగా ఉంటుందని మైకు నాకిచ్చాడు. మాట చక్కగా ఉండడం వల్ల ఎంత చేటో అప్పుడు తెలీదు.

ఆర్కెస్ట్రా పద్ధతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. జనం చీటీలు రాసి స్టేజీ మీదకి పంపుతారు, మాకు ఫలానా పాట కావాలని. అనౌన్సరు ముందు సినిమా పేరు చెప్పాలి. చప్పట్లు ఆ పేరుకే పడతాయి. పాట తర్వాత సంగతి. సినిమా పేరు లేని పాట అంటే ఇంటిపేరు లేని సంబంధం లాంటిది, ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు.

డెబ్భై ఏడు వినాయక చవితికి మల్కాపురం పందిట్లో పోలిరాజు మొట్టమొదటిసారి తన సొంత పాట పాడాడు. మధ్యాహ్నం సైరను కూశాక పోర్టు గేటు దగ్గర భార్య బువ్వ తెస్తుందని ఎదురుచూసే ఖలాసీ పాట అది.

"కూత కూసీసినాది, బువ్వ సల్లారినాది,
ఏటి సేత్తన్నావే, గేటు కాడ నానున్నాను."

నేను పద్ధతిగా, నిజాయితీగా, "రచన, సంగీతం, గానం మన పోలిరాజు" అన్నాను. అనగానే సగం మంది లేచి శనగపిండి బజ్జీల బండి వైపు నడిచారు. పాట మొదలుకాకుండానే. కమిటీ పెద్ద స్టేజీ వెనక్కి వచ్చి, "పాటలు పాడమంటే సొంత పాటలేటయ్యా, సొంతవి ఇంటి కాడ పాడుకోండి" అని దులిపేశాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మా ఊళ్లో పెరటి చెట్టుకి నీళ్లు కూడా పొయ్యరు. పోలిరాజు ఆ పూట అన్నం తినలేదని అతని భార్య చిలకమ్మ తర్వాత చెప్పింది.

నాకు కడుపు మండింది. మరుసటి నెల ఇంకో పందిట్లో అదే పాటకి ముందు మైకు పట్టుకుని, "ఇప్పుడు, త్వరలో విడుదల కానున్న సముద్రం కోడలు చిత్రం నుంచి" అనేశాను. అలాంటి సినిమా లేదు. ఆ క్షణంలో నోటికొచ్చిన పేరు. జనం చప్పట్లు కొట్టారు. పాట అయ్యాక మళ్లీ పాడమని పన్నెండు చీటీలు వచ్చాయి. బజ్జీల బండివాడు కూడా స్టేజీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. నేను లోకాన్ని జయించినట్టు పొంగిపోయాను.

పోలిరాజు పొంగలేదు. "నా పేరు సెప్పలేదేటి బావ?" అన్నాడు.

"ముందు పాటని జనంలోకి పోనీ. అందరి నోళ్లలో పడ్డాక, ఇది మావాడిదే అని ఒక్కసారి చెబితే నోరెళ్లబెడతారు చూడు."

"ఎప్పుడు?"

"వచ్చే ఏడు" అన్నాను. ఆ వచ్చే ఏడు కూడా అదే చెప్పాను. మరి రెండేళ్లు అదే చెప్పాను. సముద్రం కోడలు రేపు మాపు అంటూనే ఉంది. జనం అడగనే లేదు, మన సినిమాలు ఎప్పుడొచ్చాయి గనక వేళకి. పోలిరాజు ఇంకో ఆరు పాటలు కట్టాడు, వాటికీ నేను లేని సినిమాల పేర్లే పెట్టాను. అతను కోరింది పెద్ద కోరికా? మద్రాసు పోతానన్నాడా, బంగళా కడతానన్నాడా? తన ఊళ్లో, తను పాడే మైకులో, తన పాటకి తన పేరు చెప్పమన్నాడు. అదీ ఒక్కసారి.

ఎనభైలో బీచిలో ఏదో షూటింగుకి మద్రాసు నుంచి ఓ జట్టు వచ్చింది. వాళ్లలో ఒక సంగీత దర్శకుడి అసిస్టెంటు మా కార్యక్రమానికి వచ్చాడు. తెల్ల ప్యాంటు, మెళ్లో గొలుసు. పోలిరాజు స్టేజీ మీద ఇంకో పాట పాడుతుండగా, అతను పక్కనున్న మెట్ల దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"ఇందాక పాడిన కూత పాట ఏ సినిమాలోది? సముద్రం కోడలు అన్నారు, నేను మద్రాసులో వినలేదే. సంగీతం ఎవరు?"

అదీ వేళ. నోరు తెరిచి, అదిగో ఆ పాడుతున్నవాడే అంటే సరిపోయేది. కానీ మద్రాసు మనిషి ముందు అబద్ధాలకోరుగా దొరికిపోతానని, నలుగురిలో నా పరువు పోతుందని భయపడ్డాను. ఇంకో అబద్ధం ఆడాను. "ఆ సినిమా మధ్యలో ఆగిపోయింది సార్. సంగీతం చేసినాయన కూడా పోయారట."

అతను తల పంకించి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. బతికున్నవాణ్ణి స్టేజీ మీద ఉంచుకుని చంపేశాను నేను. ఆ మాట పోలిరాజుకి చెప్పలేదు.

ఎనభై రెండులో ఆ పాటతో ఒక సినిమా వచ్చింది. దాని పేరు రాయను, నా కలానికి అంత ఓర్పు లేదు. పోర్టు గేటు రైలు స్టేషనయింది, బువ్వ పూలదండయింది, "సేత్తన్నావే" కాస్తా "చేస్తున్నావే" అయింది. బాణీ మాత్రం పిసరు మారకుండా అదే, ట్రంపెట్ జవాబుతో సహా. రేడియోలో విని చిలకమ్మ పొయ్యి మీద ఎసరు వదిలేసి మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. పోలిరాజు మాత్రం స్థిమితంగా ఉన్నాడు. పైగా సంతోషంగా ఉన్నాడు, పిచ్చివాడు.

"మంచిదే బావ. ఇప్పుడు అందరి నోట్లోనూ ఉన్నాది గదా. ఇప్పుడు సెబుదాం."

మల్కాపురం దొరబాబు అనే ఆయన డెబ్భై ఎనిమిదిలో మా కార్యక్రమాన్ని తన టేప్‌రికార్డరులో ఎక్కించాడు. సినిమా కంటే నాలుగేళ్ల ముందు సాక్ష్యం. సినిమా కంపెనీకి ఉత్తరం రాశాం, యూనియన్ పెద్దాయన చేత సంతకం పెట్టించాం. రమ్మన్నారు. బయల్దేరే ముందు టేపు విన్నాం. పాటకి ముందు నా గొంతు ఖంగుమంది, "సముద్రం కోడలు చిత్రం నుంచి" అని.

"అంత మేరా తుడిచేద్దాం బావా" అన్నాను.

"తుడిసెత్తే దొంగతనంలాగుంటాది. ఉన్నదున్నట్టు ఇనిపిద్దాం. సినిమా లేదని, పేరు నువ్వే పెట్టినావని నువ్వే సెప్పు. నువ్వు సెప్తే ఎవరు కాదంతారు?"

మద్రాసులో కంపెనీ మేనేజరు నిజంగా మర్యాదస్తుడు. కాఫీ ఇప్పించి, టేపు మొదట్నుంచి చివరిదాకా శ్రద్ధగా విన్నాడు. పక్కనే ఆ అసిస్టెంటు, ఇప్పుడు సంగీత దర్శకుడు, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఈ గొంతు మీదేనా?" అని మేనేజరు నన్నడిగాడు.

"నాదే సార్. కానీ అలాంటి సినిమా లేదు. నేనే కల్పించాను. పాట ఇతనిదే."

అప్పుడు ఆ తెల్ల ప్యాంటువాడు గొంతు సవరించుకున్నాడు. "ఈయన నాతో ఆ సినిమా ఆగిపోయిందని చెప్పాడండీ. సంగీతం చేసినవాడు చనిపోయాడని కూడా చెప్పాడు. అడగండి, కాదంటాడేమో."

పోలిరాజు నావైపు తిరిగాడు. నేను కాదనలేదు.

"చూడండి," అన్నాడు మేనేజరు, నెమ్మదిగానే. "మైకులో ఒకటి చెప్పారు. ఈయనకి ఇంకొకటి చెప్పారు. ఇప్పుడు నాకు మూడోది చెబుతున్నారు. ఇందులో దేన్ని నమ్మమంటారు?"

తిరుగు రైలులో పోలిరాజు కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. రాజమండ్రి దాటాక ఒక్కటే అన్నాడు, "నాను పక్కనే స్టేజీ మీద ఉన్నాను గదా బావ, ఆ ఏల. పిలిస్తే దిగొచ్చీవోణ్ణి." నేను ఏడ్చాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న ఏడుపు అది, నాకే అసహ్యం వేసింది. ఇంటి దగ్గర చిలకమ్మ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. "అన్నయ్యా, ఆయన పేరు పలకడానికి నీ నాలిక్కేటి అడ్డమొచ్చినాది?" అంది.

ఆ తర్వాత అతను కొత్త పాట కట్టలేదు. ఆర్కెస్ట్రా మానలేదు, దాలయ్యావాళ్ల ఇళ్లు దాని మీదే ఆధారపడ్డాయి కనక. నన్ను మానిపించనూ లేదు. అదే నాకు పెద్ద శిక్ష.

ఎనభై ఆరు శ్రీరామనవమికి స్టీలు ప్లాంటు క్వార్టర్ల దగ్గర కార్యక్రమం. జనమంతా కొత్తవాళ్లు, గోదావరి, కృష్ణా వైపు నుంచి ఉద్యోగాలకి వచ్చినవాళ్లు. ఇంకా ఎండ పోలేదు, పందిరి కింద పిల్లాపెద్దా కిక్కిరిసి ఉన్నారు. మొదటి అరగంటలోనే తొమ్మిది చీటీలు, తొమ్మిదీ సినిమాలోని ఆ కూత పాటకే. పోలిరాజు చీటీలన్నీ మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఈపాలి నా పేరు సెప్పు బావ."

మైకు పట్టుకున్నాను. బతుకులో అంత స్పష్టంగా ఎప్పుడూ పలకలేదు. "మీరందరూ కోరిన ఈ పాటకి రచన, సంగీతం, గానం, ఇదిగో మీ ఎదురుగా ఉన్న మన పోలిరాజు."

ముందు వరసలో ఒక పెద్దమనిషి ఫక్కున నవ్వాడు. చెడ్డవాడు కాదు, ముచ్చటపడే నవ్వాడు. "అనౌన్సరు భలే హాస్యగాడండోయ్" అన్నాడు పక్కనాయనతో. వెనక వరసలు అందుకున్నాయి. పందిరంతా నవ్వు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వుతున్నారు. "నిజం, నేను నిజం చెబుతున్నాను" అన్నాను. ఇంకా నవ్వారు.

పోలిరాజు వచ్చి మైకు మీద అరచెయ్యి మూశాడు. అతని మొహంలో కోపం లేదు.

"వొద్దులే బావ. సినిమా పేరే సెప్పీ."

చెప్పాను. చప్పట్లు కొట్టారు. పోలిరాజు దాలయ్యకి సైగ చేసి, సినిమాలో ఉన్న మాటలతోనే పాట ఎత్తుకున్నాడు.