గంట కింద బావ

ఆరేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున్న నేను భయంతో చస్తున్నాను. మా ఊరి చర్చి గంట మోగినంతసేపూ ప్లేటు ముందు అలాగే కూర్చుంటాను. గంట ఆగి, తాడు లాగిన మా బావ క్షేమంగానే ఉన్నాడని తెలిశాకే టిఫిన్ ముట్టుకుంటాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకొద్దు. వినండి చాలు.

మాది తుమ్మపాల దాటాక చిన్న ఊరు. అప్పట్లో అనకాపల్లిలో డిగ్రీ చివరి ఏడాది, బూజులు చెక్కను ఎలా తింటాయన్నది నా ప్రాజెక్టు. మామిడి చెక్క ముక్కల్లో చూశాను. ఆకుపచ్చ బూజు ముందు చేరితే తర్వాత వచ్చిన తెల్ల బూజుకు చోటుండదు, చెక్క గట్టిగానే ఉంటుంది. తెల్లది ముందు చేరిందా, లోపలంతా నానిన రస్కే. పైకి మాత్రం రెండు ముక్కలూ ఒకలాగే కనిపిస్తాయి. ఏది ముందొచ్చిందన్నదే తేడా. ఎంత మురిసిపోయానో!

ముక్కలతో ఆశ తీరలేదు. బావ, అంటే మా అక్క భర్త, వడ్రంగి. వాళ్ల పెరట్లో రెండు మామిడి దుంగలు ఆరుతున్నాయి. బావ పనికెళ్లినప్పుడు వాటికి కన్నాలు పెట్టి, ఒకదాంట్లో ఆకుపచ్చది, రెండోదాంట్లో తెల్లది కూరాను. నెల తర్వాత తారుమారు చేసి మళ్లీ కూరాను. ఏది ఏదో తెలియడానికి సుద్దతో గుర్తు పెట్టాను. వానాకాలంలో సుద్ద! బావని అడగాలని తోచలేదా? తోచింది. వద్దంటాడని అడగలేదు.

పరీక్షలు రాసి వచ్చేసరికి ఒక దుంగ అక్క పొయ్యిలోకి పోయింది. రెండోదాన్ని బావ చర్చి గంటకి దూలంగా చెక్కేశాడు. గుర్తు ఎప్పుడో చెరిగిపోయింది.

"ఒరే, సదువుకున్నోడివి, సూడు. ఈ కన్నాలేటి, పురుగా? దూలం గట్టిదేనా?"

"చిన్న పురుగే బావా. గట్టిదే."

"అయితే ఎక్కించేత్తాను."

అంతే. అందులో ఏది ముందు చేరిందో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. బావకి భయపడ్డానా, చర్చి పెద్దల ముందు పరువు పోతుందనా? ఆకుపచ్చదే అయ్యుంటుందిలే అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో! ఎండాకాలమంతా ఆ మాట నమ్మేవాణ్ణి, నాలుగు చినుకులు పడగానే మళ్లీ వణికేవాణ్ణి. చెమ్మ తగిలితే తెల్లది ఊరుకోదు.

మొన్నటి వానలకి దూలం మీద తెల్లగా, చెవుల్లాంటి పుట్టగొడుగులు లేచాయి. బావ నవ్వుకుంటూ గీకేసి రంగు పూశాడు. ఇక ఆకుపచ్చదేలే అని సర్దిచెప్పుకోలేకపోయాను. శుక్రవారం సాయంత్రం వాళ్లింటికెళ్లి మొత్తం చెప్పేశాను. అక్క కూడా వింది. బావ కొట్టలేదు, తిట్టలేదు.

"ఆరేళ్లబట్టి దాని కిందే నిలబడతన్నాన్రా," అన్నాడు. లోపలికెళ్లిపోయాడు.

అక్క ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. బావ వీధిలో ఎదురై తల తిప్పుకున్నాడు. తిప్పుకోడా మరి?

నిన్న ఆదివారం గంట మోగలేదు. దాని బదులు రైలు పట్టా ముక్క మీద సుత్తితో కొట్టారు. చెవులు చిల్లులు పడే చప్పుడు. అది మోగుతుండగానే నేను టిఫిన్ తిన్నాను.