కోటు లేని ఫొటో

మా స్టూడియోలో ఒక కోటు ఉంది. నీలం రంగుది. లోపలి గది తలుపు వెనక మేకుకు వేలాడుతూ ఉంటుంది. పాస్‌పోర్ట్ సైజు ఫొటోకి వచ్చినవాళ్ళూ, పరీక్షల దరఖాస్తుకి వచ్చినవాళ్ళూ, పెళ్ళి సంబంధాల ఫొటోకి వచ్చినవాళ్ళూ అందరూ దాన్నే తొడుక్కుంటారు. మనిషి సన్నగా ఉంటే వీపు వెనక బట్టలారేసే క్లిప్పులు పెట్టి బిగిస్తాం. లావుగా ఉంటే గుండీలు పెట్టకుండా టై అడ్డం వేస్తాం. ఆ టై కూడా ఎప్పుడో ఎవరో ముడి వేసి పెట్టిందే, మెడ చుట్టూ ఎలాస్టిక్. ముందునుంచి చూస్తే ఎవరైనా ఆఫీసరే. క్లిప్పులు పెట్టేది నేను కాబట్టి వెనక సంగతి నాకు తెలుసు.

అనంతపురంలో టవర్ క్లాక్‌కి నడిచిపోయేంత దూరంలో ఉంది ఆ స్టూడియో. పెళ్ళిళ్ళ కాలంలో నేను రెండో కెమెరా. మిగతా రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చుని మొహాలు తెల్లగా చేస్తాను. మొహం చేసి మెడ మరిచిపోతే ఫొటో వెనక్కి వస్తుంది, అప్పుడు మెడ కూడా చేస్తాను. ఈ పనిలో చేరి మూడేళ్ళు దాటింది. మా నాయనకి మాత్రం గ్రూప్స్ పరీక్షలకి కోచింగ్ తీసుకుంటున్నానని చెప్పాను. పరీక్షలు ఎప్పుడూ వాయిదా పడుతూనే ఉంటాయి కాబట్టి ఆ మాట చాలాకాలంగా చెల్లుబాటు అవుతోంది.

నాకు కావలసింది వేరే. మనిషి మొహం ఒక్కటే, ఉన్నది ఉన్నట్టు, ఫొటో తీసి దానితోనే బతకాలని. ఒకసారి ధైర్యం చేసి ఓనర్‌తో చెబితే ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "ఒట్టి మొగానికి ఎవరు పని ఇస్తారప్పా? మొగం పక్కన పెండ్లన్నా ఉండల్ల, పుట్టిన్రోజన్నా ఉండల్ల" అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. అది విన్నాక మాత్రం నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. బస్సులో పక్కవాడి చెవి మీద పడే ఎండ, మందుల షాపులో చీటీ చదువుతూ ముడిపడే కనుబొమలు, ఏది చూసినా చెయ్యి కెమెరా కోసం వెతికేది. బెంగళూరు వెళ్ళిపోదామని రెండుసార్లు బ్యాగు సర్దాను. రెండుసార్లూ ఎవరిదో రిసెప్షన్ అడ్డం వచ్చింది.

బయటివాళ్ళు మొహాలు ఇవ్వరు కాబట్టి స్నేహితుల మీద పడ్డాను. ఆదివారం వస్తే చాలు, ఎవడో ఒకణ్ణి పట్టుకుని గోడ పక్కన నిలబెట్టేవాణ్ణి. స్నేహితులు కాబట్టి సులువుగా దొరుకుతారు, స్నేహితులు కాబట్టే మాట వినరు. ఒకడు కెమెరా చూడగానే నల్లకళ్ళద్దాలు పెట్టుకునేవాడు. ఇంకొకడు ఛాతీ విరిచి ఊపిరి బిగబట్టేవాడు, నేను సరిచేసుకునేలోపు మొహం ఎర్రబడేది. బైక్ మెకానిక్ షాపు పెట్టుకున్న మా సాయిబు మిత్రుడైతే చేతులకి గ్రీజు ఉందని ప్రతిసారీ కడుక్కుని వచ్చేవాడు. నాకు ఆ గ్రీజు చేతులే కావాలని చెప్పినా వినలేదు. ఫొటోలన్నీ పోగేసి చూసుకుంటే వాళ్ళెవరూ నాకు తెలిసినవాళ్ళలా లేరు. కోపం వచ్చేది, ఎవరి మీదో తెలిసేది కాదు.

వాళ్ళలో ఒకడు మావాడు. డిగ్రీలో నాతోపాటు ఒకే రూములో ఉన్నాడు. ముదిగుబ్బ దగ్గర పల్లె వాళ్ళది. చదువయ్యాక కొన్నాళ్ళు బెంగళూరులో ఇంటింటికీ పార్శిళ్ళు ఇచ్చే పని చేసి, అక్కడ ఊపిరాడక తిరిగొచ్చి, వాళ్ళ నాయన గొర్రెలు చూసుకుంటున్నాడు. వాన పడిన ఏడు శెనక్కాయ వేస్తారు, పడని ఏడు గొర్రెలే దిక్కు. గొర్రెల పనిలో వాడికి లోటేమీ లేదు. లోటు ఒక్కటే, పిల్లనివ్వడానికి ఎవరూ రావడం లేదు. చదువుకున్నవాడే, చెడు అలవాట్లు లేవు, కానీ అబ్బాయి ఏం చేస్తాడు అన్న ప్రశ్న దగ్గర ప్రతి సంబంధమూ ఆగిపోయేది. చివరికి వాళ్ళమ్మే వాణ్ణి మా స్టూడియోకి తీసుకొచ్చింది. కోటు ఫొటో కావాలంది.

నేనే కోటు తొడిగాను. వీపు వెనక మూడు క్లిప్పులు పెట్టాను. వాడు అద్దంలో చూసుకుని, బిగుతుగా ఉందని కానీ వదులుగా ఉందని కానీ అనలేదు. ఎండకి కమిలిన మొహాన్ని కంప్యూటర్‌లో నేనే రెండు మెట్లు తెల్లగా చేశాను. ఆ ఫొటోతో పాటు, బెంగళూరులో ఆఫీసు ఉద్యోగమని, పని ఇంటినుంచేనని పెళ్ళిళ్ళ పేరయ్య ఒక కాగితం రాయించాడు. ఫొటో మీద ఒక సంబంధం కుదిరేలా ఉందని కొన్ని వారాలకు వాళ్ళమ్మ ఫోన్ చేసి సంతోషంగా చెప్పింది. వాళ్ళ ముందు గదిలో ఆ కోటు ఫొటోని పెద్దది చేయించి తగిలించిందట.

ఆ సంతోషంలో ఉన్నప్పుడే ఒక ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. సాయంత్రం వెలుతురులో తీద్దామని నా ఉద్దేశం. ఫొటోలు తీసేవాడెవడూ మిట్టమధ్యాహ్నం కెమెరా బయటికి తీయడు. కానీ సాయంత్రం మందను ఇంకో చేనికి తోలాలని, తీస్తే ఇప్పుడే అని వాడు చెప్పేశాడు. చుట్టూ చెట్టు లేదు. దూరంగా కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి, ఎర్రమట్టి ఎగిరి లెన్స్ మీద పడుతోంది. గొర్రెలన్నీ గుంపుగా దగ్గరికి చేరి, ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చుకుని నిలబడ్డాయి. వాటికి వాటి నీడే దిక్కు. మధ్యలో మావాడు తల మీద కంబళి వేసుకుని, కాళ్ళకు చెప్పులు లేకుండా, అప్పుడే నీళ్ళు తాగి తడి మీసాలతో ఉన్నాడు. నవ్వమని నేను అనబోతే, "తీస్తే తియ్యి, నన్ను నవ్వమనొద్దు" అన్నాడు.

తీశాను. ఒక్కటే. ఇంటికొచ్చి చూస్తే అందులో మావాడున్నాడు. మూడేళ్ళు నా పక్కన పడుకున్నవాడు, పరీక్ష ముందు రోజు కూడా కంగారు పడనివాడు, అచ్చంగా వాడే. మొహాన్ని ఏమీ చేయకుండా వాడికి పంపాను. "బాగుండాది" అని ఒక్క మాట రాశాడు. దాంతో ఇన్‌స్టాలో పెట్టాను, కింద 'నా క్లాస్‌మేట్' అని రాశాను. అదే అనుమతి అనుకున్నాను. సంబంధం మాటే నాకు గుర్తుకు రాలేదు. గుర్తుకు వచ్చి ఉంటే పెట్టేవాణ్ణి కాదా అంటే, పెట్టేవాణ్ణేనేమో, అదే ఇప్పటికీ నన్ను గిల్లుతుంది.

వారం తిరగకముందే బెంగళూరు నుంచి మెసేజ్ వచ్చింది. కొత్త ఫొటోగ్రాఫర్ల పోర్ట్రైట్లతో చిన్న ఎగ్జిబిషన్ పెడుతున్నారట, ఈ ఫొటో కావాలట, పెద్ద ఫైలు పంపమన్నారు. స్టూడియో మెట్ల మీద కూర్చుని ఆ మెసేజ్ ఎన్నిసార్లు చదివానో. ఓనర్‌కి చూపిస్తే ఆయన ఫోన్ దూరంగా పట్టుకుని, పక్కన పెండ్లి లేకపోయినా పని వచ్చిందే అని నవ్వాడు. మూడోసారి బ్యాగు సర్దాను.

రెండు రోజులకి మావాడి అమ్మ ఫోన్ చేసింది. తిన్నావా నాయనా అని అడిగింది. సంబంధం పోయిందని చెప్పింది. పిల్ల తరఫు వాళ్ళు ఫోన్లో ఆ గొర్రెల ఫొటో చూసి, ఉద్యోగమని అబద్ధమాడారని పేరయ్యని నిలదీశారట. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "ఆ ఫొటో నువ్వే తీసినావంట గదా. అదొక్కటి తీసెయ్ నాయనా, మల్లా సంబంధాలు చూడల్ల గదా" అంది.

ఆ మెట్ల మీదే కూర్చుని తీసేశాను. ఎగ్జిబిషన్ వాళ్ళకి కూడా ఫొటో వద్దని, సొంత కారణాలని రాశాను. పెద్ద త్యాగం చేసినవాడిలా గుండె బరువెక్కింది, నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా ఉంది. మర్నాడు పొద్దున్నే ముదిగుబ్బ బస్సు ఎక్కాను. క్షమాపణ అడగాలి, ఎంత వదులుకున్నానో కూడా వాడికి తెలియాలి. దారి పొడవునా ఏం చెప్పాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను.

మావాడు దొడ్లో గొర్రెలకి మందు తాపుతున్నాడు. నన్ను చూసి ఒక గొర్రె దవడ పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. అది తల విదిలిస్తుంటే, అనుకున్న మాటలన్నీ చెదిరిపోయి, ఫొటో తీసేశానని, ఎగ్జిబిషన్ కూడా వద్దన్నానని గబగబా చెప్పేశాను.

వాడు సీసా కింద పెట్టాడు. "నిన్నెవరు తీసెయ్యమనింది?"

"అమ్మ చెప్పింది. నా వల్లే గదా ఇదంతా."

"నీ వల్ల యాడిదిరా? ఆ ఫొటో ఆ పిల్లకి పంపింది నేను."

తర్వాత వాడే నిదానంగా చెప్పుకొచ్చాడు. పెద్దవాళ్ళు నంబర్లు ఇప్పించాక ఆ అమ్మాయీ వీడూ పది రోజులు మాట్లాడుకున్నారట. మంచి పిల్లేనట. ఇంటినుంచి పని అంటే ఎక్కడ కూర్చుని చేస్తావు, కిటికీలోంచి ఏం కనపడుతుంది అని అడిగిందట. రెండు రోజులు ఏదో చెప్పాడు. మూడో రోజు చెప్పలేక నేను పంపిన ఫొటో పంపేశాడు. సగం రోజు ఆమె ఏమీ రాయలేదు. తర్వాత, మీరు చెప్పించింది ఇది కాదు కదా అని రాసి, వాళ్ళ నాన్నకు చూపించింది. ఆమెను తప్పు పట్టలేనని కూడా వాడే అన్నాడు.

నాకు వెంటనే కోపం వచ్చింది. ఆ ముక్క ముందే నాకు చెప్పి ఉండొచ్చు కదా, నీ కోసం నేను నా బతుకుదెరువు వదులుకున్నానని గొర్రె మీదుగా అరిచాను. వాడు నా వైపు చూసిన చూపు అచ్చం ఆ ఫొటోలో ఉన్నదే.

"వాళ్ళు వద్దన్నారని బాధ లేదని చెప్పను, ఉండాది" అన్నాడు. "కానీ వాళ్ళు నన్ను మొన్న చూసినోళ్ళు. నువ్వు మూడేండ్లు నా పక్కన పండుకున్నోనివి. నువ్వు కూడా దాన్ని దాయల్ల అనుకుంటివే."

వాడు ఇంకో గొర్రెను లాక్కుని, అటు తిరిగి, "మీ నాయనకి ఏం పని చేస్తాండానని చెప్పినావు నువ్వు?" అని అడిగాడు. మంద అయ్యేదాకా దవడలు పట్టుకుంటూనే ఉన్నాను.

తిరిగి వస్తూ బస్సులోనే ఫొటోను మళ్ళీ ఇన్‌స్టాలో పెట్టాను. ఎగ్జిబిషన్ వాళ్ళకి మళ్ళీ రాశాను. వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు, ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశారట. చెయ్యి చాచితే అందే దాన్ని నా చేత్తో నేనే తోసేసుకున్నానన్న ఏడుపు, ఎవరూ అడగని త్యాగం చేశానన్న సిగ్గు, రెండూ కలిసి రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. మూడో రోజు మావాడి నుంచి మెసేజ్. ఆ ఫొటో పెద్దది తీయించి, ఫ్రేము కట్టించి తెమ్మన్నాడు.

ల్యాబులో ప్రింట్లు తీసే అతను రెండుసార్లు ఫోన్ చేశాడు. "అన్నా, మొగం నల్లగా వస్తాండాది, కొంచెం లేపుదునా?" ముట్టుకోవద్దన్నాను. నమ్మకం చాలక నేనే వెళ్ళి, ప్రింటు బయటికి వచ్చేదాకా మిషన్ పక్కన నిలబడ్డాను. మూడేళ్ళుగా నేను చేసే పనే అతనూ చేయబోయాడు.

ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని ముదిగుబ్బ వెళ్ళాను. వాళ్ళమ్మ చాలాసేపు చూసింది. కాళ్ళకి చెప్పులన్నా లేవు కదరా అని కొడుకుని కసిరింది. ముందు గదిలో, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీల పైన, కోటు ఫొటో ఉంది. మావాడు స్టూలెక్కి దాన్ని దించాడు, అదే మేకుకు దీన్ని తగిలించాడు. వంకర లేకుండా రెండుసార్లు సర్దాడు.

"ఇంగ ఎవరొచ్చినా దీని కిందనే కూర్చోనీ" అన్నాడు. "లేచిపొయ్యేటోళ్ళు నీళ్ళు తాగకముందే పోతారు."

కోటు ఫొటోను వాళ్ళమ్మ చీరకొంగుతో తుడిచి బీరువా పైన పెట్టుకుంది. నాకు అన్నం పెట్టింది.

ఆ తర్వాత ఒక ఆదివారం బెళుగుప్ప వైపు నుంచి ఎవరో చూడటానికి వస్తున్నారని మావాడు చెప్పాడు. పేరయ్య లేడు, కాగితం లేదు, తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన మాట. ఆ రోజు నాకు స్టూడియోలో పని సాగలేదు. కోటు తొడిగిన ఒకాయనకి క్లిప్పు చొక్కాతో కలిపి పెట్టేసి తిట్లు తిన్నాను. టై ఎలాస్టిక్ ఇంకొకరి చెవికి తగిలింది. బయటికి వచ్చి టీ చెప్పి, అది తాగకుండానే లోపలికి పోయాను. మా నాయన ఫోన్ చేసి చదువు ఎలా సాగుతోందని అడిగితే, మళ్ళీ చేస్తానని పెట్టేశాను. ఆయనకి నేనింకా చెప్పలేదు.

మధ్యాహ్నం దాటాక జేబులో ఫోన్ అదిరింది. మావాడి మెసేజ్.

"నీళ్ళు తాగినారు. ఇంగా కూర్చోనుండారు."