టాంకీ మూతి మీద మూడు గీతలు

మా తమ్ముడు ఆదిలాబాద్ దుకాణం పైకప్పు మార్పిస్తూ అటక మీది సామాను దించినప్పుడు బాపు గ్యాసుబత్తి బయటపడింది. పెట్రోమాక్స్ లైటు అంటే అందరికీ తెలుస్తుంది కానీ మా ఇంట్లో అది గ్యాసుబత్తే. అంగడి రోజు పొద్దుగూకగానే బాపు దాన్ని వెలిగించి బట్టల తానుల మీద వేలాడదీసేవాడు. ఆ తెల్లటి వెలుగులో వెలిసిపోయిన చీర కూడా నిన్ననే నేసినట్టు కనిపించేది. తెలివైన గిరాకీలు అందుకే పగటిపూట వచ్చేవాళ్ళు.

కావాలంటే తీసుకుపొమ్మని తమ్ముడు ఫోన్ చేశాడు. ఊరికే ఎందుకిస్తున్నాడా అని రెండు రోజులు ఆలోచించి, కారణమేదీ దొరక్క బస్సెక్కాను.

కరీంనగర్‌లో నాకు చిన్న చీరల దుకాణం ఉంది. బత్తిని బాగు చేయించి అందులో పెట్టుకుంటానని అందరికీ చెప్పాను. పాత ఇత్తడి బత్తులు ఎంతకు పోతున్నాయో ఫోన్‌లో చూసిన సంగతి మాత్రం చెప్పలేదు.

బాగు చేసే మనిషి కోసం వెతికితే ఒక్కరే దొరికారు. ఒకప్పుడు పెళ్ళి ఊరేగింపులకు ఇలాంటి బత్తులు కిరాయికిచ్చిన పెద్దాయన. ఇప్పుడు ఒక సందులో, కూతురి కుట్టుమిషన్ వెనకాల సగం గదిలో స్టవ్‌లు బాగు చేస్తున్నాడట. మంచి మనిషని చెప్పారు. మంచివాడని ముందే చెప్పారంటే మా ఇంట్లో ఇంకొంచెం జాగ్రత్తపడతాం.

కత్తెర సాన పట్టడానికి ఇచ్చినా, గడియారం బాగు చేయడానికి ఇచ్చినా, ఎక్కడో ఒకచోట మూడు చిన్న గీతలు పెట్టి ఇవ్వడం బాపు అలవాటు. వచ్చింది మనదేనా అని చూసుకోవడానికి. నేను ఇంకో అడుగు ముందుకు వేశాను. బత్తిని పక్క కిరాణా దుకాణం కాటా మీద తూకం వేయించాను. నాలుగు దిక్కుల నుంచీ ఫోటోలు తీశాను. గాజు మారినా, పైటోపీ మారినా ఎక్కువ పోయేదేమీ లేదు. బరువంతా కిందున్న ఇత్తడి టాంకీలోనే ఉంది. పైకి కనిపించేచోట గుర్తు పెడితే దొంగకూ కనిపిస్తుంది. అందుకని టాంకీ మీద నిలబడే గొట్టాన్ని అరగంట కుస్తీ పట్టి విప్పి, అది కూర్చునే మూతి అంచు మీద ఆకురాయి మూలతో మూడు గీతలు కోశాను. గొట్టం మళ్ళీ బిగిస్తే గుర్తు మాయం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పెద్దాయన బత్తిని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎంత తీసుకుంటారని అడిగాను.

"నీకు తోచింది ఇయ్యి బిడ్డా. ముందుగాల వెలగనియ్యి."

ఇంతకన్నా అనుమానం పుట్టించే మాట మాకు ఇంకోటి లేదు. ఎక్కువ అడిగేవాడితో బేరం చేయొచ్చు. ఏమీ అడగనివాడు ఇంకేదో చూసుకున్నాడని అర్థం.

ఆయన పానా కోసం లోపలికి వెళ్ళినప్పుడు కూతురు మిషన్ ఆపింది. గొంతు తగ్గించి, "అక్కా, గిదే ఆఖరు చాన్సు. పోయిన నెల కాలుతున్న స్టవ్ మీదనే చెయ్యి పెట్టిండు. చేతులు వణుకుతున్నయి, సరిగ కనిపిస్తలేదు. గీ బత్తి వెలిగితే సరే, లేకుంటే సామాన్లన్ని పాత ఇనుపోనికి ఇచ్చేస్తనని మాటిచ్చిండు" అంది.

ఆ పని మానిపించాలని ఆమె పట్టుదల, మానకూడదని ఆయన ఆశ. రెండూ నా బత్తి మీదే ఆగాయి. నేను మాత్రం, రేటు పెంచడానికి ఇద్దరూ కలిసి ఆడుతున్న నాటకమేమో అనుకుంటూ ఇంటికొచ్చాను.

రెండు రోజుల తర్వాత వెళితే గాలి నిలవడం లేదన్నాడు. పంపులో తోలు వాషర్ మార్చాడట, నూనె పోసే మూతకు రబ్బరు మార్చాడట. ఇంకో రెండు రోజులకు వెళితే అదే మాట. టాంకీ నిగనిగలాడుతోంది. ఎందుకంతగా తోమాడు? మార్చిన టాంకీనే ఇంత కొత్తగా ఉంటుందని నా లోపలి దుకాణదారు గుసగుసలాడింది. గ్యాసునూనె, అదే కిరోసిన్, ఎక్కడా దొరకని ఈ రోజుల్లో ఒక సీసా నిండా సంపాదించి పెట్టుకున్నాడు. ఎక్కడిదంటే నవ్వాడు. అదీ నాకు నచ్చలేదు.

మూడోసారి వెళ్ళినప్పుడు నా ముందే చేయమన్నాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆయన పంపు కొట్టి, టాంకీని బకెట్ నీళ్ళలో ముంచాడు. గొట్టం మొదట్లోంచి బుడగలు వరుసగా లేచాయి. సీసపు వాషర్ మార్చి బిగించి మళ్ళీ ముంచాడు. మళ్ళీ బుడగలు. చివరికి గొట్టం విప్పేసి, మూతి అంచు తుడిచి, దాని మీద గోరు గుండ్రంగా తిప్పాడు. గోరు ఆగింది. కొంచెం జరిపితే మళ్ళీ ఆగింది. మూడోసారి కూడా ఆగింది.

గాలి నా గీతల్లోంచే పోతోంది.

ఆయన అద్దాలు పెట్టుకుని టాంకీని గుమ్మం దగ్గర వెలుగులోకి తీసుకెళ్ళాడు. చాలాసేపు చూశాడు.

"పాత వాషర్ గీకేటప్పుడు నా చెయ్యి జారింది" అన్నాడు. కూతురితో అన్నాడో నాతో అన్నాడో తెలియలేదు. "ఒక్కపాలి జారితే పోనీ అనుకుందును. మూడుపార్లు జారింది. నాకు తెల్వనే లేదు."

మిషన్ చప్పుడు ఆగిపోయింది. ఆయన గోనెసంచి తెరిచి పానాలు, పట్కార్లు ఒక్కొక్కటే అందులో వేయడం మొదలుపెట్టాడు.

నేను స్టూలు కొంచెం వెనక్కి జరుపుకున్నాను. చెడగొట్టానని ఆయనే అనుకుంటే మజూరీ అడగడు, పైగా టాంకీకి నష్టం నేనే అడగొచ్చు అన్న లెక్క కూడా ఆ కాసేపట్లోనే నా తలలో తిరిగింది. మా పెంపకం అలాంటిది. చిన్న సుత్తి, రెండు ఆకురాళ్ళు సంచిలో పడ్డాయి. గొట్టాల రంధ్రాలు శుభ్రం చేసే సన్నటి సూదుల డబ్బా చేతిలోకి తీసుకుని, దాన్ని వేయకుండా అలాగే పట్టుకున్నాడు.

"చాచా, గా గీతలు మీయి కావు. నేను పెట్టిన" అన్నాను.

"నువ్వా? ఎందుకు?"

"టాంకీ మారుస్తరేమోనని."

ఆయన డబ్బా వైపు చూశాడు, టాంకీ వైపు చూశాడు, తర్వాత నా వైపు.

"మూడెందుకు బిడ్డా? ఒక్కటి సరిపోదా?"

"ఒక్కటైతే మార్చిన టాంకీ మీద మీరు గూడ పెడ్తరని."

కూతురు నవ్వలేదు. ఆయన మాత్రం భుజాలు కదిలేలా నవ్వి, సంచిని బోర్లించి సామానంతా కింద కుమ్మరించాడు.

గాజు ముక్కకు గరుకు పేస్టు పూసి మూతి మీద పెట్టి, గీతలు అరిగిపోయేదాకా గంటసేపు గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు. ఆయన చేతులు వణికాయి. కానీ గాజు మీద పెట్టాక వణకలేదు. ఈసారి బకెట్‌లో ఒక్క బుడగ లేవలేదు. షట్టరు సగం దించి, మంట చుట్టూ వెలిగే కొత్త మాంటిల్ గుడ్డ కట్టి, స్పిరిట్‌తో గొట్టం వేడి చేసి పంపు కొట్టాడు. ముందు ఎర్రగా భగ్గుమంది. తర్వాత సన్నగా ఈల వేస్తూ తెల్లబడింది. ఆ వెలుగులో కూతురి ఒళ్ళోని మామూలు జాకెట్ గుడ్డ పట్టులా మెరిసింది. దాన్ని ఎంతకు అమ్మొచ్చో అనుకోకుండా ఉండలేకపోయాను.

బత్తి వెలిగాక ఆయన మజూరీ ఎంతో చెప్పాడు, అంతా ఇచ్చేశాను. బేరానికి నోరు రాలేదు. సగం దారి వచ్చాక ఎక్కువిచ్చానేమో అనిపించింది. కాటా మీద పెడితే బత్తి మునుపటికన్నా ఎక్కువ తూగింది. లోపల నూనె ఉందని గుర్తురావడానికి కొంతసేపు పట్టింది.

ఆకురాయితో కోసిన గీతకూ, చెయ్యి జారితే పడిన గీతకూ తేడా ఇత్తడితోనే బతికిన మనిషికి తెలియకుండా ఉంటుందా? నా నోటితోనే చెప్పించాలని ఆ సామాన్లు అంత నెమ్మదిగా సంచిలో వేశాడేమోనని నాకిప్పటికీ అనుమానమే.

మొన్న మా పాత స్టవ్ తీసుకుని వెళ్ళాను. గోడకు పానాలు మళ్ళీ వరుసగా వేలాడుతున్నాయి. ఆయన స్టవ్‌ను బోర్లించి అడిగాడు.

"ఎక్కడ పెట్టినవ్?"

"పెట్టలే చాచా."

ఈసారి నిజంగానే పెట్టలేదు. ఆయన నమ్మలేదు. అద్దాలు పెట్టుకుని, స్టవ్ అడుగు నుంచి మొదలుపెట్టి, అంచులన్నీ గోటితో తడుముతూ కూర్చున్నాడు.