చెరువుగట్టు మీద సముద్రపు వావిలి

నా పరువును నేనే స్వయంగా చెరువుగట్టు దాకా మోసుకెళ్లి, ముప్పై మంది చూస్తుండగా పాతిపెట్టి వచ్చిన వైనం చెబుతాను. నవ్వుకోండి. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

డెబ్బైల చివర్లో అనంతపురం కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరర్‌గా చేరాను. నాది బాపట్ల వైపు, అలల చప్పుడు లేనిదే నిద్రపట్టని పల్లె. బుక్కరాయసముద్రంలో గది దొరికింది గానీ మాట్లాడే మనిషి దొరకలేదు. క్లాసులో నేను మాట్లాడాలి, గదిలో గోడ వినాలి. ఆదివారాలు మరీ ఘోరం. మా వైపు యాస చెవిన పడుతుందేమోనని బస్టాండుకు వెళ్లి కూర్చునేవాణ్ని. ఒకసారి "ఏవండోయ్" అని వినపడితే ప్రాణం లేచొచ్చి పరుగెత్తాను. ఆ పెద్దమనిషి అప్పటికే కర్నూలు బస్సెక్కేశాడు.

అలాంటి ఒక ఆదివారం చెరువుగట్టున నీలిపూల పొద కనిపించింది. చూడగానే వావిలే. కానీ వావిలికి కాడకు ఐదేసి ఆకులుంటాయి కదా, దీనికి మూడేసి! మూడాకులంటే దాని చుట్టం నీటివావిలి. మా ఊళ్లో సముద్రపు ఇసుకలో పెరిగేది!

"నువ్వెలా వచ్చావే ఇక్కడికి?" అన్నాను. అవునండీ, పొదతోనే. వారం రోజులు సాయంత్రాలన్నీ దాని పక్కనే గడిపాను. ఇంటి కబుర్లన్నీ చెప్పాను. అది ఒక్కసారైనా బస్సెక్కి పోలేదు.

అంతటితో ఆగితే బాగుండేది. మా హెడ్డుగారికి చెప్పాను.

"సముద్రపు చెట్టా? ఈ కరువు సీమలోనా? బాగా చూసినావా అప్పా?"

"సందేహమే లేదండీ. ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేదేమో!"

శనివారం ముప్పై మంది విద్యార్థులతో ఆయన తరలివచ్చారు. నేను పూలకొమ్మ పట్టుకుని ఉపన్యాసం దంచుతున్నాను. నేను పట్టిన కొమ్మకు అన్నీ మూడేసి ఆకులే! ఇంతలో కొడవలి పట్టుకుని ఓబులమ్మ అనే ముసలావిడ వచ్చింది.

"జరుగు సారూ, నాలుగు మండలు కోసుకోని పోతా. మా కూతురు బాలింత, ఈ ఆకేసి కాంచిన నీళ్లు పోయల్ల."

"ముట్టుకోవద్దు మామ్మగారూ! ఇది సముద్రపు వావిలి!"

"యాడి సముద్రమప్పా? మా ఊరి పేర్లో తప్ప ఈడ సముద్రం యాడుండాది?" అని ఆవిడ వంగి, కింది కొమ్మ ఎత్తి చూపించింది. "ఇదో, ఐదు. పైన పూసే రెమ్మలకు మూడుంటాయి, కింద ఐదుంటాయి. అంతా ఒగటే వావిలి."

చూశాను. ఐదు. పక్క కొమ్మకూ ఐదే. వారం రోజులు దాని పక్కన కూర్చుని ఒక్కసారి కూడా వంగి చూడని మహా శాస్త్రవేత్తను నేను. చూస్తే ఎక్కడ ఐదు కనిపిస్తాయోనన్న భయం లోపల ఉందేమో, చెప్పలేను.

హెడ్డుగారు గొంతు సవరించుకున్నారు. "అయితే సముద్రం చెట్టు పై సగానికే వచ్చి పోయినట్లుండాది."

ముప్పై మందీ విరగబడి నవ్వుతూ వెళ్లిపోయారు. నేను కదల్లేదు. ఓబులమ్మ మండలు కోస్తూ అడిగింది.

"దినామూ ఈ చెట్టు కాడ కూచోని మాట్లాడేది నువ్వేనా? గాలి సోకిందేమో అనుకుంటి. నీకు ఎవురూ లేరా ఈడ?"

"లేరండీ."

"చెట్టు కాడికి వచ్చేటోనివి, ఎదురుగా ఉండే మా ఇంటికి రాకూడదా? మేమన్నా బదులు చెప్తాంటిమి గదా! పా, సంగటి తిందువు."

ఆకుల మోపు నా నెత్తిన పెట్టించి ఇంటికి తీసుకుపోయింది. బిడ్డను ఒళ్లో వేసుకున్న కూతురు నన్ను చూసి బిత్తరపోయింది.

"ఎవురమ్మా ఈయన?"

"సముద్రం సారు. ఆకులు లెక్క పెట్టేది రాదు గానీ మోపు బాగా మోస్తాడు."

ఆ పేరు నాకంటే ముందు కాలేజీకి చేరింది. ఆ ఊళ్లో ఉన్న తొమ్మిదేళ్లూ నా అసలు పేరు జీతం పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడలేదు.

అందుకే సకల వృక్షజాతుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: కింది కొమ్మ ఎత్తి చూడకుండా ఏ మొక్కకూ పేరు పెట్టను. ఇంటి మీద బెంగగా ఉన్న రోజున, ఎత్తి చూసినా పెట్టను.